చెయ్యి దాటిన కోడ్

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

వెబ్‌సైట్ చేసేవాళ్ళకీ మొబైల్ యాప్ చేసేవాళ్ళకీ ముఖ్యమైన తేడా ఒకటుంది. అది మనసులో ఉంచుకుంటే ఇవాళ నేను చెప్పబోయే వాటిలో చాలావరకు మీకే తోస్తాయి. వెబ్‌సైట్‌లో తప్పు దొర్లిందనుకోండి, సర్వర్‌లో దిద్దుతారు. కాసేపట్లో అందరూ దిద్దిన పేజీనే చూస్తారు. యాప్ అలా కాదు. విడుదల చేశాక అది మన దగ్గర ఉండదు. ఎవరో కొనుక్కున్న ఫోన్‌లో, మనం ఎన్నడూ చూడని మోడల్‌లో, ఎప్పటిదో పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంటుంది. మనం దిద్దుబాటు పంపినా ఆ మనిషి అప్‌డేట్ చేసుకుంటేనే అందుతుంది. చేసుకోకపోతే ఆ తప్పు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది. అందుకే నేను యాప్‌ని చెయ్యి దాటిన కోడ్ అంటాను. మంచి అలవాట్లు, పనిముట్లు అని మనం మాట్లాడుకునేవన్నీ దీని కోసమే: చెయ్యి దాటకముందు ఏం చూసుకోవాలి, దాటాక మన చేతిలో ఇంకా ఏం మిగిలుంటుంది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన టీమ్‌లో ఒక యాప్ చేశాం. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే సిబ్బంది కోసం. సిగ్నల్ లేనిచోట కూడా రాసుకోవాలి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కి పంపాలి. ఫోన్‌లో దాచడానికి రూమ్ వాడాం, అది ఆండ్రాయిడ్‌లో డేటాబేస్ నడిపే లైబ్రరీ. తయారు చేసే రోజుల్లో టేబుల్ రూపం రోజుకోసారి మారేది. మారినప్పుడల్లా మైగ్రేషన్, అంటే పాత రూపంలోని డేటాని కొత్త రూపంలోకి మార్చే కోడ్, రాయలేదని యాప్ తెరవగానే క్రాష్ అయ్యేది. ఆ విసుగు తప్పించుకోవడానికి నేను ఒక లైన్ పెట్టాను. దాని పేరు ఫాల్‌బ్యాక్‌టుడిస్ట్రక్టివ్‌మైగ్రేషన్. పేరులోనే ఉంది చూడండి. పాత రూపం నుంచి కొత్త రూపానికి దారి దొరక్కపోతే ఉన్న డేటా మొత్తం తుడిచేసి ఖాళీ టేబుళ్ళు కట్టుకోమని దాని అర్థం. తర్వాత తీసేద్దాం అనుకున్నాను. తియ్యలేదు.

మూడో విడుదలలో ఒక కాలమ్ చేర్చాం, దానికి మైగ్రేషన్ రాయడం మర్చిపోయాం. అప్‌డేట్ అందుకున్న ఫోన్లలో యాప్ చక్కగా తెరుచుకుంది. ఒక్క క్రాష్ లేదు. క్రాష్‌లు చూపించే మా డాష్‌బోర్డు అంతా పచ్చగా ఉంది. మూడో రోజున ఒకావిడ ఫోన్ చేశారు. "రెండు రోజులు తిరిగి రాసుకున్నవన్నీ పోయాయండీ. మళ్ళీ వాళ్ళ గుమ్మం ఎక్కి ఏమని అడగమంటారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంకా పంపని వివరాలు ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి, ఇక ఎక్కడా లేవు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

అందుకే డేటాబేస్ మైగ్రేషన్ గురించి మిగతా వాటికన్నా ఎక్కువసేపు మాట్లాడతాను. దీని మీద ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వరు. స్క్రీన్లు గీసే కొత్త యూఐ ఫ్రేమ్‌వర్కుల మీద ఇస్తారు.

మొదటిది. మనం యాప్‌ని పరీక్షించే పద్ధతే తప్పుగా ఉంటుంది. పాతది తీసేసి కొత్తది ఇన్‌స్టాల్ చేసి చూస్తాం. వాడేవాళ్ళు అలా చెయ్యరు కదా. వాళ్ళ ఫోన్‌లో పాతదాని మీదే కొత్తది వచ్చి కూర్చుంటుంది. కాబట్టి స్టోర్‌కి పంపిన ప్రతి బిల్డ్‌నీ, అంటే తయారైన యాప్ ఫైల్‌నీ, దాచి ఉంచండి. కొత్త విడుదలకి ముందు పాత బిల్డ్ వేసి, అందులో నిజమైన వాడకంలో ఉన్నంత డేటా నింపి, దాని మీద కొత్తది ఎక్కించి చూడండి. నిన్నటి వెర్షన్ నుంచి మాత్రమే చూస్తే చాలదు. ఆరు నెలలు అప్‌డేట్ చేయని మనిషి మూడో వెర్షన్ నుంచి నేరుగా తొమ్మిదికి దూకుతాడు. అలా దూకేటప్పుడు మధ్యలో ఉన్న ఆరు మైగ్రేషన్లూ వరసగా నడవాలి.

రెండోది. రూమ్‌లో స్కీమాను, అంటే టేబుళ్ళ రూపాన్ని, జేసన్ అనే టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసే సౌకర్యం ఉంది. దాన్ని ఆన్ చేసి, ఆ ఫైళ్ళను కోడ్ మార్పులన్నీ నమోదయ్యే గిట్‌లో పెట్టండి. అప్పుడు టేబుల్ రూపం మారితే రివ్యూ చేసేవాళ్ళకి కళ్ళముందు కనబడుతుంది. అదే ఫైళ్ళతో మైగ్రేషన్‌టెస్ట్‌హెల్పర్ అనే క్లాసు పాత రూపంలో డేటాబేస్ కట్టి, మీ మైగ్రేషన్లు నడిపి, చివరికి వచ్చిన రూపం సరైనదో కాదో చెబుతుంది. రూపం సరిపోయింది కదా అని ఆగకండి. పాత వరుసలు అలాగే ఉన్నాయా అని ఆ టెస్టులోనే చదివి చూడండి. ఐఫోన్ వైపు ఇదే పని చేసే కోర్ డేటాలో కాలమ్ చేర్చడం, తీసేయడం లాంటి చిన్న మార్పుల్ని లైట్‌వెయిట్ మైగ్రేషన్ దానంతటదే చూసుకుంటుంది. ఒక టేబుల్‌ని రెండుగా విడగొట్టడం లాంటివి వస్తే మాత్రం ఆ పని మీరే రాయాలి.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. ఫోన్‌లో రెండు రకాల డేటా ఉంటుంది. సర్వర్ నుంచి తెచ్చి దాచుకున్నది ఒకటి. అది పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. మనిషి చేత్తో రాసి ఇంకా సర్వర్‌కి చేరనిది ఇంకొకటి. అది పోతే పోయినట్టే. ఈ రెండింటినీ ఒకే డేటాబేస్‌లో కలిపి పెట్టకండి. వేరు చేయండి. మొదటిదాన్ని తుడిచేసినా పరవాలేదు, కావాలంటే ఇందాకటి తుడిచేసే లైన్ దానికి పెట్టుకోండి. రెండోదానికి పెట్టే మార్పు ఏదైనా ఇద్దరు చూడనిదే దాటనివ్వకండి. మా టీమ్‌లో ఆవిడ ఫోన్ చేసిన వారంలోనే ఇది నియమం చేశాం.

ఇక విడుదల సంగతి. చెయ్యి దాటేటప్పుడు ఒక్కసారిగా దాటనివ్వకుండా కొద్దికొద్దిగా వదిలే వీలు రెండు స్టోర్లలోనూ ఉంది. గూగుల్ ప్లేలో శాతం మీరే చెప్పొచ్చు. ముందు ఒక శాతం మందికి పంపి, రెండు రోజులు ఆగి, అయిదు శాతం, అలా పెంచుకుంటూ పోవచ్చు. ఆపిల్ యాప్ స్టోర్‌లో దశలవారీ విడుదల ఏడు రోజుల లెక్క. రోజుకింత చొప్పున 1, 2, 5, 10, 20, 50, 100 శాతం. మధ్యలో ఆపుకోవచ్చు, మొత్తం మీద 30 రోజుల దాకా. అక్కడ ఒకటి గుర్తుంచుకోండి: ఈ శాతాలు దానంతటదే అయ్యే అప్‌డేట్లకే వర్తిస్తాయి. స్టోర్‌లోకి వెళ్ళి చేత్తో అప్‌డేట్ నొక్కినవాళ్ళకి మొదటి రోజే వెళ్ళిపోతుంది.

చాలామంది "తప్పు కనబడితే వెనక్కి తిప్పేద్దాంలే" అంటారు. వెనక్కి తిప్పడమంటూ లేదండీ. విడుదల ఆపితే కొత్తవాళ్ళకి వెళ్ళడం ఆగుతుంది, అంతే. అందినవాళ్ళ దగ్గర అందిందే ఉంటుంది. వాళ్ళకి పాత కోడ్ చేరాలంటే దానికే పెద్ద వెర్షన్ నంబరు వేసి మళ్ళీ పంపాలి. ఇక్కడే ఇందాకటి కథ మళ్ళీ వస్తుంది. ఆ ఫోన్లలో డేటాబేస్ అప్పటికే కొత్త రూపానికి మారిపోయి ఉంటుంది. పాత కోడ్ వెళ్ళి కొత్త డేటాబేస్‌ని తెరవబోతే రూమ్ ఒప్పుకోదు, యాప్ తెరవగానే క్రాష్. దిద్దుదామని పంపినదే అసలు తప్పుకన్నా పెద్ద దెబ్బ కొడుతుంది. అందుకే టేబుల్ రూపం మార్చే విడుదలనీ, కొత్త ఫీచర్ తెచ్చే విడుదలనీ నేను విడివిడిగా పంపుతాను. ముందు డేటాబేస్ మార్పు ఒక్కటే వెళ్తుంది. అది అందరి ఫోన్లలో కుదురుకున్నాక ఫీచర్ వెళ్తుంది. నెమ్మదే. అయినా అలాగే చేస్తాను.

ఫీచర్‌ని ఆపేసే మీట కూడా మన చేతిలో ఉండాలి. గూగుల్ వాళ్ళ ఫైర్‌బేస్ రిమోట్ కాన్ఫిగ్ అయినా సరే, మీ సర్వర్ నుంచి వచ్చే చిన్న జేసన్ ఫైలైనా సరే. ఆ ఫైలు రాకపోయినా యాప్ తెరుచుకునేలా మొదటి విలువలు యాప్‌లోనే ఉండాలి. ఇంకో చిన్న స్క్రీన్ ఉంది, అందరూ తర్వాత చూద్దాంలే అనుకునేది: "ఈ వెర్షన్ ఇక పనిచేయదు, దయచేసి అప్‌డేట్ చేసుకోండి" అని చెప్పే స్క్రీన్. అది మొట్టమొదటి విడుదలలోనే ఉండాలి. అవసరం వచ్చాక చేర్చితే, ఏ పాత వెర్షన్ కోసం చేర్చారో ఆ వెర్షన్‌లో అది ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది.

పాత వెర్షన్లు బతికే ఉంటాయి గనక సర్వర్ టీమ్‌తో కూడా ఒక ఒప్పందం కావాలి. ఉదాహరణకి ఆర్డర్ స్థితి అని ఒక ఫీల్డ్ ఉంది, "పంపాం", "చేరింది" అని రెండే విలువలు. ఏడాది తర్వాత సర్వర్ వాళ్ళు "దారిలో ఉంది" అని మూడోది చేర్చారు. వాళ్ళ దృష్టిలో అది చిన్న మార్పే. మీ పాత యాప్ ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఇలా కొన్ని విలువలే ఉండే రకాన్ని ఈనమ్ అంటారు. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ భాషలో కోడబుల్ ఈనమ్ అయితే తెలియని విలువ దగ్గర ఎర్రర్ విసురుతుంది. ఆండ్రాయిడ్ వైపు జేసన్ చదివే కోట్లిన్ఎక్స్ సీరియలైజేషన్ అయితే ఇంకా కచ్చితం. తెలియని కొత్త ఫీల్డ్ కనబడ్డా చాలు, వదిలెయ్యమని మీరు ముందుగా చెప్పకపోతే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ప్రతి ఈనమ్‌కీ "తెలియదు" అనే విలువ ఒకటి మొదటి రోజే పెట్టండి. అది వచ్చినప్పుడు స్క్రీన్ మీద ఏం చూపించాలో కూడా అప్పుడే నిర్ణయించండి.

(చేతిలోని ఫోన్ చూపిస్తూ) ఈ ఫోన్ చూడండి. 2 జీబీ ర్యామ్. నేను పరీక్షకి వాడే ఫోన్లలో ఇదే పాతది, నాకు బాగా ఇష్టమైనది కూడా ఇదే. ఎందుకంటే ఇది అబద్ధం చెప్పదు. మన చేతుల్లో ఉండే కొత్త ఫోన్లలో ఒక యాప్‌లోంచి కెమెరాకి వెళ్ళి తిరిగొస్తే వదిలినచోటే ఉంటాం. దీనిలో కెమెరా తెరవగానే మెమరీ చాలక వెనకున్న యాప్‌ని సిస్టమ్ చంపేస్తుంది. ఫొటో తీసుకుని తిరిగొచ్చేసరికి సగం నింపిన ఫారం ఖాళీ. ఆ మనిషి యాప్‌ని మూసేయలేదు, ఒక ఫొటో తీశాడు, అంతే.

ఇక్కడ అనుభవం ఉన్న డెవలపర్లు కూడా పొరబడే విషయం ఒకటుంది. "వ్యూమోడల్‌లో పెట్టాం కదా, పోదు" అంటారు. వ్యూమోడల్ అంటే స్క్రీన్ డేటాని మెమరీలో పట్టుకునే క్లాసు. ఫోన్ అడ్డంగా తిప్పితే పోదు, నిజమే. ప్రాసెస్‌నే, అంటే నడుస్తున్న యాప్‌నే, సిస్టమ్ చంపేస్తే వ్యూమోడల్ కూడా దాంతోపాటే పోతుంది. చిన్న చిన్న వాటిని, ఏ ట్యాబ్‌లో ఉన్నాం, ఏ ఐడీ చూస్తున్నాం లాంటివాటిని ప్రాసెస్ పోయినా సిస్టమ్ దాచి ఇచ్చే సేవ్డ్‌స్టేట్‌హ్యాండిల్‌లో పెట్టండి. మనిషి టైప్ చేసిన పెద్ద ఫారాన్ని డ్రాఫ్ట్‌గా డేటాబేస్‌లో రాసేయండి. పెద్ద జాబితాలను తెచ్చి సేవ్డ్ స్టేట్‌లో కుక్కితే ఇంకో చిక్కు. ఆ డేటా యాప్‌కీ సిస్టమ్‌కీ మధ్య దారి అయిన బైండర్ గుండా వెళ్ళాలి, దాని బఫర్ ప్రాసెస్ మొత్తానికి 1 ఎంబీ మాత్రమే. దాటితే ట్రాన్సాక్షన్‌టూలార్జ్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్.

దీన్ని పరీక్షించడానికి పాత ఫోనే ఉండాలని లేదు. యాప్‌ని వెనక్కి పంపి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీలో యాక్టివిటీ మేనేజర్ కిల్ కమాండ్ కొట్టి, ఇటీవలి యాప్‌ల జాబితా నుంచి మళ్ళీ తెరవండి. అర నిమిషం పని. మీ యాప్‌లో ప్రతి స్క్రీన్ దగ్గరా ఒకసారి చేసి చూడండి. మొదటిసారి చేసినప్పుడు నేను పదకొండు స్క్రీన్లలో నాలుగింటిలో తప్పు పట్టుకున్నాను.

ఇక మెయిన్ థ్రెడ్, అంటే యాప్‌లో స్క్రీన్ గీసే పనీ, తాకితే స్పందించే పనీ నడిచే వరస. ఇది అందరికీ తెలిసిందే గనక త్వరగా చెప్పేస్తాను. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక్కో ఫ్రేమ్ గీయడానికి ఉండే సమయం 16 మిల్లీసెకన్ల పైన కొంచెం. 120 హెర్ట్జ్ అయితే అందులో సగం. ఆ సమయంలో డిస్క్ మీద చదవడం, జేసన్ విడదీయడం, ఫొటో సైజు తగ్గించడం పెట్టుకుంటే స్క్రోల్ తడబడుతుంది. ఆండ్రాయిడ్‌లో తాకిన తాకిడికి 5 సెకన్లలో జవాబు రాకపోతే ఏఎన్‌ఆర్, అంటే "యాప్ స్పందించడం లేదు" అని. ఐఫోన్‌లో తెరుచుకోవడానికి మరీ ఆలస్యం చేసే యాప్‌ని వాచ్‌డాగ్ అనే సిస్టమ్ కాపలాదారు చంపేస్తుంది. అప్పుడు క్రాష్ రిపోర్టులో "ఏట్ బ్యాడ్ ఫుడ్" అని చదువుకోగలిగే హెక్సాడెసిమల్ కోడ్ కనబడుతుంది. అది మామూలు క్రాష్ కాదని, మెయిన్ థ్రెడ్‌ని ఏదో పట్టుకు కూర్చుందని గుర్తు.

పట్టుకోవడానికి పనిముట్లు ఉన్నాయి. స్ట్రిక్ట్‌మోడ్ 2010లో ఆండ్రాయిడ్ 2.3తో వచ్చింది, ఇప్పటికీ డీబగ్ బిల్డ్‌లో, అంటే మన పరీక్ష కోసం కట్టుకునే బిల్డ్‌లో, ఆన్ చేసేవాళ్ళు తక్కువ. మెయిన్ థ్రెడ్ మీద డిస్క్‌నో నెట్‌వర్క్‌నో ముట్టుకుంటే వెంటనే చెబుతుంది. పని అయ్యాక కూడా వదలని మెమరీకి, అంటే మెమరీ లీకులకి, లీక్‌కెనరీ, స్క్వేర్ ఇంజనీర్లు 2015లో ఇచ్చినది. ఇప్పుడు చేర్చేది ఒక్క డిపెండెన్సీ లైనే, కోడ్ రాయనక్కర్లేదు. ఎక్కడ సమయం పోతోందో చూడాలంటే పర్ఫెట్టో, ఆండ్రాయిడ్ స్టూడియో ప్రొఫైలర్. ఆపిల్ వైపు ఎక్స్‌కోడ్‌తో వచ్చే ఇన్‌స్ట్రుమెంట్స్. వీటన్నిటికీ ఒకే జాగ్రత్త. వేగం కొలిచేటప్పుడు డీబగ్ బిల్డ్‌ని కొలవకండి. ఆండ్రాయిడ్ యూఐ ఫ్రేమ్‌వర్క్ జెట్‌ప్యాక్ కంపోజ్‌తో చేసిన యాప్ అయితే డీబగ్‌లో ఎంత నెమ్మదిగా ఉంటుందంటే, లేని సమస్య కోసం వారం రోజులు తలబద్దలు కొట్టుకునేవాళ్ళని చూశాను. ఆర్8, అంటే కోడ్‌ని కుదించి పేర్లు మార్చే పనిముట్టు, నడిచిన రిలీజ్ బిల్డ్‌నే, అదీ ఇదిగో ఇలాంటి ఫోన్ మీదే కొలవండి.

నెట్‌వర్క్ దగ్గరికి వద్దాం. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. ఆఫ్‌లైన్ పరీక్ష అనగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూస్తారు. అది తేలికైన పరీక్ష. నెట్ లేదని ఫోన్‌కే తెలుసు గనక వెంటనే ఎర్రర్ వస్తుంది. కష్టమైనది అరకొర నెట్. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, డేటా కదలదు. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ కాల్స్ చేసే ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీలో కనెక్ట్ అవడానికి, చదవడానికి, రాయడానికి ఒక్కోదానికి 10 సెకన్ల గడువు ముందే ఉంటుంది గానీ, మొత్తం కాల్‌కి గడువు ఉండదు. బైట్లు బొట్టుబొట్టుగా వస్తూ ఉంటే ఆ కాల్ ఎంతసేపైనా సాగుతుంది. ఐఓఎస్‌లో అదే పని చేసే యూఆర్‌ఎల్‌సెషన్ గడువు 60 సెకన్లు. తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ ఒక మనిషి నిమిషం పాటు కూర్చుంటారా? గడువులు మీరే పెట్టుకోండి. ఆపిల్ ఇచ్చే నెట్‌వర్క్ లింక్ కండిషనర్‌తో గానీ, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లోని నెట్ వేగం సెట్టింగ్‌తో గానీ అరకొర నెట్‌ని తెచ్చిపెట్టుకుని, అందులో ఒక పూట మీ యాప్ వాడి చూడండి.

ఆ అరకొర నెట్‌లోనే ఇంకో ప్రమాదం దాగి ఉంది. మనిషి "చెల్లించు" నొక్కాడు. అభ్యర్థన సర్వర్‌కి చేరింది, అక్కడ పని జరిగింది, జవాబు తిరిగొచ్చే దారిలో తెగిపోయింది. యాప్‌కి తెలిసింది ఒక్కటే, జవాబు రాలేదని. మళ్ళీ పంపితే రెండుసార్లు చెల్లింపు. పంపకపోతే జరిగిందో లేదో తెలియదు. దీనికి మందు, ప్రతి పనికీ యాప్‌లోనే ఒక ప్రత్యేకమైన కీ పుట్టించి, ఎన్నిసార్లు పంపినా అదే కీతో పంపడం. ఈ కీతో ఇంతకుముందే చేశాను అని సర్వర్ గుర్తుపట్టి పాత జవాబే ఇస్తుంది. ఆ కీని పంపకముందే డేటాబేస్‌లో రాయాలి. మధ్యలో యాప్ చచ్చిపోయి మళ్ళీ లేచినా అదే కీ దొరకాలి కదా. ఇక మళ్ళీ ప్రయత్నించేటప్పుడు ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని ఎడం పెంచుకుంటూ పోండి, దానికి కొంచెం యాదృచ్ఛికమైన ఎడం కూడా కలపండి. లేకపోతే సర్వర్ పడి లేచిన క్షణంలో వేల ఫోన్లు ఒకేసారి దాని మీద పడి మళ్ళీ పడగొడతాయి. వెనక నుంచి పంపే పనులకి ఆండ్రాయిడ్‌లో వర్క్‌మేనేజర్ వాడండి. సొంత టైమర్లు కట్టుకోకండి. వాడకుండా పక్కన పెట్టిన ఫోన్‌ని నిద్రపుచ్చే డోజ్ మోడ్ ఆండ్రాయిడ్ 6తో వచ్చాక ఆ టైమర్లు మీరు అనుకున్నప్పుడు మోగవు.

అక్షరాల గురించి చెప్పకుండా ఉండలేను, మన లిపి కథ గనక. 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా" అనే అక్షరంలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు చేరిన వరసని ఐఫోన్‌లో చూపించబోతే ఆ యాప్ కుప్పకూలేది. మెసేజ్‌లో వస్తే మెసేజ్ యాప్ తెరుచుకునేది కాదు. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దిద్దింది. ఆ తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌దే. కానీ మన యాప్‌లలో చిన్న చిన్న "జ్ఞా"లు రోజూ జరుగుతుంటాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్ భాషలో "జ్ఞా" పొడవు అడిగితే 4 అని వస్తుంది. కంటికి కనబడేది ఒక్క అక్షరం. ఇరవై అక్షరాల దగ్గర కోసెయ్యమని రాసిన కోడ్ ఒత్తుకీ హల్లుకీ మధ్యన కోసేస్తుంది. అప్పుడు పొల్లు ఒకటి గాలిలో వేలాడుతుంది. కొయ్యాలంటే యూనికోడ్ లిపులు తెలిసిన ఐసీయూ లైబ్రరీలోని బ్రేక్‌ఇటరేటర్ లాంటిదాన్ని అడిగి కొయ్యండి. ఇంగ్లీషు కొలతతో బటన్ ఎత్తు ఇన్ని పిక్సెళ్ళు అని బిగించేస్తే మన ఒత్తులు కింద తెగిపోతాయి, గుడులు పైన తెగిపోతాయి. ఎత్తుని బిగించకండి.

ఇక ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి అక్షరాల సైజు చివరిదాకా పెంచి మీ యాప్ తెరవండి. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. చూపు తగ్గినవాళ్ళు నిజంగా అలాగే వాడుకుంటారు. తర్వాత స్క్రీన్‌ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ గానీ వాయిస్‌ఓవర్ గానీ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని లాగిన్ అవడానికి ప్రయత్నించండి. పేరు లేని బటన్ దగ్గర "బటన్" అని మాత్రమే వినబడుతుంది. దేనికి బటన్? ఆ బొమ్మకి ఒక లైన్ వివరణ రాయడానికి పది సెకన్లు పడుతుంది. తాకే చోటు ఆండ్రాయిడ్‌లో 48 డీపీ (స్క్రీన్ మీద కొలత), ఐఓఎస్‌లో 44 పాయింట్లకు తగ్గకూడదు. ఇవి చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ వారమే చేయండి.

భద్రత గురించి ఒకే మాట అడుగుతాను. మీ యాప్ ఏపీకే ఫైల్‌ని, అంటే ఆండ్రాయిడ్ ఇన్‌స్టాల్ ఫైల్‌ని, దాన్ని విప్పి కోడ్ చూపించే జాడ్ఎక్స్‌లో ఎప్పుడైనా తెరిచి చూశారా? చూడండి. స్ట్రింగుల్లో దాచామనుకున్న ఏపీఐ కీలు, అంటే బయటి సేవల తాళాలు, అన్నీ చదవదగ్గ అక్షరాల్లో ఉంటాయి. ఆర్8 పేర్లు మారుస్తుంది గానీ స్ట్రింగుల్ని దాచదు. ఇతరులకి తెలియకూడని కీ ఏదైనా యాప్‌లో ఉండకూడదు, సర్వర్‌లోనే ఉండాలి. లాగిన్‌కి గుర్తుగా ఉండే యూజర్ టోకెన్లను ఐఓఎస్‌లో కీచైన్‌లో పెట్టండి. ఆండ్రాయిడ్‌లో కీస్టోర్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి దాచండి. లాగ్‌లలో టోకెన్లు, ఫోన్ నంబర్లు రాయకండి. యాప్ మనదేనని చెప్పే సంతకం కీ పాస్‌వర్డ్‌ని గిట్‌లో పెట్టకండి.

విడుదలయ్యాక క్రాష్‌లు చూసుకోవడానికి క్రాష్‌లిటిక్స్, సెంట్రీ లాంటివి ఉన్నాయి. రిలీజ్ బిల్డ్‌తో పాటు పుట్టే, మారిన పేర్లకి అసలు పేర్లు చెప్పే మ్యాపింగ్ ఫైల్‌నీ, ఐఓఎస్‌లో డీసిమ్ ఫైల్‌నీ బిల్డ్‌లు దానంతటదే కట్టే సీఐలోంచే వాటికి చేర్చే ఏర్పాటు చేయండి. ఫాస్ట్‌లేన్ ఆ పని చేస్తుంది. అవి లేకపోతే రిపోర్టులో ఏ, బీ, సీ అనే అర్థంలేని పేర్లే మిగులుతాయి. గూగుల్ ప్లే ఒక గీత గీసింది. రోజూ వాడేవాళ్ళలో 1.09 శాతం మందికి మించి క్రాష్ కనబడినా, 0.47 శాతం మందికి మించి ఏఎన్‌ఆర్ కనబడినా ఆ యాప్ గూగుల్ ప్లేలో వెనకబడుతుంది. ఒక్క ఫోన్ మోడల్ మీద అయితే ఆ గీత 8 శాతం. ఈ అంకెల్ని చూసుకోండి. అయితే ఇందాక చెప్పిన ఆవిడ ఫోన్‌లో క్రాష్ లేదని గుర్తుంచుకోండి. ఏ డాష్‌బోర్డూ ఆవిడ గురించి చెప్పలేదు. అందుకే మేం అప్పటి నుంచి "పంపాల్సినవి ఎన్ని, పంపినవి ఎన్ని" అనే లెక్కని కూడా ప్రతి ఫోన్ నుంచి తెప్పించుకుంటున్నాం. పంపాల్సినవి కారణం లేకుండా సున్నా అయితే ఎవరో ఒకరికి కబురు వెళ్తుంది. యాప్‌లో "మాకు చెప్పండి" బటన్ కూడా పెట్టాం. దానికి వచ్చే ఉత్తరాలు డెవలపర్లే చదువుతారు, వంతులవారీగా. నాకు తెలిసిన పనిముట్లన్నిటిలో అదే ఎక్కువ చెప్పింది.

ప్రశ్నలకి కొంచెం సమయం ఉంది. చెప్పండమ్మా.

"ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ లాంటివాటితో చేసేవాళ్ళకి కూడా ఇవన్నీ వర్తిస్తాయా?" అని అడుగుతున్నారు. వర్తిస్తాయి. రియాక్ట్ నేటివ్ 2015లో, ఫ్లట్టర్ 1.0 2018 డిసెంబర్‌లో వచ్చాయి. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ చేసేవి ఇవి. రెండిటితోనూ మంచి యాప్‌లు వచ్చాయి, నేనూ చేశాను. టీమ్ చిన్నదైతే ఒకే కోడ్ మంచిదే అంటాను. అయితే ప్రాసెస్‌ని చంపేది కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్. దానికి పైన ఫ్లట్టర్ భాష డార్ట్ ఉందా, రియాక్ట్ నేటివ్ భాష జావాస్క్రిప్ట్ ఉందా అన్నది అక్కర్లేదు. ఫ్లట్టర్‌లో వదిలిన స్థితిని తిరిగి తెచ్చే స్టేట్ రెస్టొరేషన్ అని ఉంది, మీరు అడిగితేనే పనిచేస్తుంది. కాబట్టి టీమ్‌లో ఒక్కరైనా కింద పొర తెలిసినవాళ్ళు ఉండాలి.

అక్కడ, నీలం చొక్కా బాబు. "ఒక్కడినే యాప్ చేసుకుంటున్నాను, టెస్టులు రాసే తీరిక లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?" సరే. తీరిక లేదన్నావు గనక అన్నీ రాయమనను. పోతే తిరిగి రానిది ఏదో దాని దగ్గర మొదలుపెట్టు. నీ యాప్‌లో మనిషి చేత్తో రాసేది ఏముంది? నోట్స్? మంచిది. అయితే ఆ నోట్స్ టేబుల్ మైగ్రేషన్‌కి ఒక టెస్టు రాయి. బటన్ రంగుకి టెస్టు వద్దు. తర్వాత కొత్త విడుదలకి ముందు ప్రతిసారీ పాతదాని మీద కొత్తది ఎక్కించి చూడు. ప్లే స్టోర్‌లో అంతర్గత పరీక్ష ట్రాక్‌లో వంద మందిని చేర్చుకోవచ్చు, స్నేహితులతో ఒక వారం వాడించు. ఆపిల్ వాళ్ళ టెస్ట్‌ఫ్లైట్‌లో అయితే బయటివాళ్ళని పదివేల మంది దాకా.

పాత ఫోన్ లేదా? పరవాలేదు. ఇది ఇక్కడే ఈ బల్ల మీద పెడుతున్నాను. కేబుల్ కూడా ఉంది. కావలసినవాళ్ళు వచ్చి మీ యాప్ ఎక్కించి చూసుకోండి. నోట్స్ యాప్ నువ్వే ముందు రా బాబూ, సగం నోట్ టైప్ చేసి కెమెరా తెరువు.